ఆస్కార్ రొమేరో: సైన్యం ఎదుట పేదల పక్షం నిలిచిన బిషప్

మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్. దాని రాజధాని శాన్ సాల్వడార్‌కు 1977 నుంచి 1980 వరకు కతోలిక అగ్రపీఠాధిపతిగా పనిచేసినవారు ఆస్కార్ రొమేరో (1917–1980). సైన్యం చంపుతున్న రైతు కూలీల తరఫున మాట్లాడినందుకు, దివ్యపూజ చేస్తుండగానే ఆయన్ని కాల్చి చంపారు.

నేపథ్యం

ఆ దేశంలో కాఫీ తోటలు, మంచి భూములు కొద్ది కుటుంబాల చేతిలో ఉండేవి. 1932లో తిరగబడ్డ రైతులను, ఆదివాసులను సైన్యం వేల సంఖ్యలో చంపింది. అప్పటి నుంచి దాదాపు అర్ధ శతాబ్దం సైనికాధికారులదే పెత్తనం. 1968లో కొలంబియాలోని మెడెయిన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు, పేదరికానికి మూలం అన్యాయమైన వ్యవస్థలో ఉందని ప్రకటించారు. కొందరు గురువులు ఆ మాట పట్టుకుని పల్లెలకు వెళ్లారు.

మలుపు

రొమేరో మొదట సంప్రదాయవాది. ఆయన నియామకం భూస్వాములకు నచ్చింది. బాధ్యతలు తీసుకున్న మూడు వారాల్లోపే, 1977 మార్చి 12న, కూలీల మధ్య పనిచేస్తున్న ఆయన మిత్రుడు, జెస్యూట్ గురువు రుతీలియో గ్రాందేని కాల్చి చంపారు. వెంట ఉన్న ఒక వృద్ధుడు, ఒక బాలుడు కూడా చనిపోయారు. మార్చి 20 ఆదివారం తన పరిధిలోని గుడులన్నిటిలో పూజలు ఆపించి, కేథడ్రల్‌లో ఒకే పూజ జరిపించారు రొమేరో. దర్యాప్తు జరిగేదాకా ప్రభుత్వ కార్యక్రమాలకు రానన్నారు.

పనితీరు

బాధిత కుటుంబాల వాంగ్మూలాలను అగ్రపీఠానికి చెందిన న్యాయ సహాయ కేంద్రం నమోదు చేసేది. ఎవరిని చంపారో, ఎవరు మాయమయ్యారో ప్రతి ఆదివారం రొమేరో ప్రసంగంలో చెప్పేవారు. వైఎస్ఏఎక్స్ రేడియోలో పల్లెలన్నీ వినేవి. ఆ స్టేషన్ మీద బాంబులు పడ్డాయి. తోటి బిషప్పుల్లో ఎక్కువమంది ఆయన్ని వ్యతిరేకించారు. సైనిక సాయం ఆపమని 1980 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్‌కు లేఖ రాశారు. మార్చి 23న, పేదలను చంపమనే ఆజ్ఞను పాటించవద్దని సైనికులకే నేరుగా చెప్పారు. మర్నాడే హత్య జరిగింది.

తర్వాత

1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో సుమారు 75,000 మంది చనిపోయారు. రొమేరో హత్యకు ఆదేశించింది మాజీ మేజర్ రొబెర్తో దౌబుయిస్సోన్ అని 1993లో ఐక్యరాజ్యసమితి సత్య కమిషన్ తేల్చింది. 2018లో పోప్ ఫ్రాన్సిస్ రొమేరోను పునీతుడిగా ప్రకటించారు. ఆయన చనిపోయిన మార్చి 24ను సత్యం తెలుసుకునే హక్కు దినంగా ఐక్యరాజ్యసమితి పాటిస్తోంది.

మనకేమిటి?

నెల్లూరు తీరంలో సైనిక పాలన లేదు, కులం ఉంది. క్రైస్తవుడైన దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా ఇవ్వదు. సంఘంలోనూ కుల వివక్ష ఉందని భారత కతోలిక బిషప్పులే 2016 విధాన పత్రంలో ఒప్పుకున్నారు. కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోని 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. అది గౌరవమే. కానీ పల్లెలో దాడి జరిగిన రోజు విచారణ గురువు ఎక్కడ నిలబడతాడన్నది వేరే ప్రశ్న. రొమేరో దానికి చేతలతో జవాబిచ్చారు: బాధితుల దగ్గరికి వెళ్లడం, జరిగింది రాసిపెట్టడం, పేర్లు బయటికి చెప్పడం.