క్రొత్త పుస్తకము పాఠకుని చేరిన త్రోవలు

తెలుగు ముద్రణచరిత్రను వ్రాసినవారు కవులను, పోషకులను, ముద్రాపకులను గూర్చి విరివిగా వ్రాసిరి. పుస్తకమును కొని చదివినవానిని గూర్చి వ్రాసినది స్వల్పము. ఒక గ్రంథము వెలువడినదని అతనికెట్లు తెలిసెను? తెలిసిన పిమ్మట పదింటిలో దానినే యేల కోరెను? ఈ ప్రశ్నలను విడిచిపెట్టి ఏ గ్రంథమునకెంత వ్యాప్తి కలిగెనో నిర్ణయించుట సాధ్యము కాదని మా యభిప్రాయము.

1867వ సంవత్సరపు 25వ చట్టము ననుసరించి ప్రతి రాజధానిలోను అచ్చయిన పుస్తకముల పట్టిక మూడు నెలలకొకమారు ప్రకటింపబడుచుండెను. గ్రంథనామము, భాష, కర్త, విషయము, ముద్రణస్థలము, పుటలు, ప్రతుల సంఖ్య, వెల మున్నగునవి అందు కలవు. పరిశోధక విద్యార్థులకు అది నిధియే. కాని ప్రభుత్వము తన యెఱుక కొఱకు కూర్చుకొన్న పట్టిక అది. పల్లెటూరి పాఠకుడు దానిని చూచి యెఱుగడు. వేయి ప్రతులు అచ్చయినవని అందుండగా వేయిమంది చదివిరని వ్రాయువారిని చూచుచున్నాము. ఇది సాహసము.

1854లో చెన్నపురిలో నెలకొన్న వావిళ్లవారి ముద్రాలయము వంటివి మొదట ప్రకటించినవి చాలవఱకు పాఠకునకు ముందే తెలిసిన గ్రంథములు. పురాణశ్రవణము వలన, వీథిబడి వలన భారత భాగవతములును శతకములును అతనికి చెవిసోకియే యుండెను. అతడు వెదకినది నిర్దుష్టమైన ప్రతిని, చౌకయైన వెలను. తెలియని పుస్తకమును ఎన్నుకొనవలసిన చిక్కు నవలతో వచ్చినది. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడి 1880లో పుస్తకమయ్యెను. పత్రిక చదువరులు కొనుటకు ముందే దాని రుచి చూచిరన్నమాట. తరువాత ‘చింతామణి’ పత్రిక నవలలకు పోటీలు పెట్టెను. 1894లో చిలకమర్తివారి ‘రామచంద్ర విజయము’ బహుమానమందెను. బహుమతి పొందినదన్న మాట పుస్తకమునకు సిఫారసుగా మాఱుట మనలో అప్పటినుండి మొదలైనదనవచ్చును.

అసలు మార్పు 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞాన చంద్రికా మండలితో వచ్చినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు సంపాదకులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ‘అబ్రహాము లింకను చరిత్రము’ 1907లో మొదటి ప్రచురణముగా వెలువడెను. మఱుసటి యేడు మండలి చెన్నపురికి తరలెను. చందాదారుల పద్ధతి నిట మనము జాగ్రత్తగా గమనింపవలెను. చందాదారుడు ఒక పుస్తకమును ఎన్నుకొనుట లేదు, ఎన్నువారిని ఎన్నుకొనుచున్నాడు. ఇంకను వ్రాయబడని గ్రంథమునకు సైతము అతడు ఒప్పుకొన్నట్లే. ఇందువలన, అంగడిలో జీవశాస్త్రమును ఎన్నడును అడుగనివాని యింటికి ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము చేరెను. నవల కొఱకు చేరినవాడు చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ను అందుకొనెను. పాఠకుని స్వేచ్ఛ ఇందు కొంత తగ్గినదని యెవరైన ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సరియైనదే. కాని అడిగినదే యిచ్చుట విధిగా పెట్టుకొన్నచో ఆనాడు తెలుగున శాస్త్రగ్రంథము పుట్టియుండునా యని మాకు సందేహము. మండలివారును పాఠకుని యిష్టమును పూర్తిగా తోసిపుచ్చలేదు. చారిత్రక నవలలకు పోటీలు పెట్టిరి. 1911లో వేంకట పార్వతీశ కవులు స్థాపించిన ఆంధ్ర ప్రచారిణీ గ్రంథమాల ఆ యిష్టమునకే ముఖ్యస్థానమిచ్చి, నవలలను, అందును వంగానువాదములను, ఎక్కువగా అందించెను.

పత్రికలలోని విమర్శలకును ఇందు పాలు కలదు. 1924లో ప్రారంభమైన ‘భారతి’ పండితులకు ప్రమాణమయ్యెను. అయితే ఆ కాలపు విమర్శకులు పలువురు వ్యాకరణదోషములను పట్టుటలో చూపిన శ్రద్ధను, పుస్తకమెట్టిదో చెప్పుటలో చూపలేదు.

చందా కట్టలేనివాని మాట యేమి? అతనికి గ్రంథాలయమే దిక్కు. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడి, అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషిచే ఉద్యమము పల్లెలకు ప్రాకెను. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదవడ్లపూడి ప్రాంతమున కాలువపై నడచు పడవలలో పుస్తకములుంచిరి. పడవప్రయాణము మెల్లనిది; పుట త్రిప్పి చూచి, నచ్చనిచో మఱియొకటి తీసికొనుటకు తీఱిక కలదు. డబ్బు వ్యయము కాకుండ తప్పు పుస్తకమును తీసికొనగల హక్కు పాఠకునకు గ్రంథాలయమే యిచ్చినది. పాత గ్రంథాలయములలో పుస్తకములు తీసికొనిపోయినవారి పద్దులు మిగిలియున్నచో, పరిశోధక విద్యార్థులు ముద్రణసంఖ్యల కన్న వానిని ముందు చూడవలెనని మా కోరిక.

నిజాము రాష్ట్రమున తెలుగు పుస్తకము దొరకుటయే అరుదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు పుస్తకములను తామే మోసికొని యూరూర, ఇంటింట అమ్మిరి. ఇచ్చట పట్టిక లేదు, విమర్శ లేదు; గుమ్మము ముందు నిలిచిన మనుష్యుడు పుస్తకమును చేతికిచ్చి, అందేమున్నదో తన నోట చెప్పుచున్నాడు. గ్రంథమాలకు సంపాదకుడును, ప్రకాశకుడును, విక్రేతయు ఆయనయే. కొననివారు ఏమి చెప్పి త్రిప్పి పంపిరో కూడ ఆయనకు తెలియును. చెన్నపురిలో కూర్చున్న ఏ ప్రకాశకునకును ఆ యెఱుక లభింపలేదు.