గ్యారేజ్ డోర్: అంత బరువున్న తలుపు ఒక్క బటన్‌తో ఎలా లేస్తోంది? ఆ స్ప్రింగ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు!

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో వీధి తలుపు తీసేది చుట్టాలు వచ్చినప్పుడే. ఆఫీసు నుంచి వచ్చినా, గ్రోసరీ తెచ్చినా, పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకొచ్చినా అందరూ ఇంట్లోకి వచ్చేది గ్యారేజ్‌లోంచే. కారు మలుపు తిరుగుతుండగానే బటన్ నొక్కితే తలుపు లేస్తుంది. కారు లోపలికి వెళ్లాక మళ్లీ నొక్కితే దిగిపోతుంది. ఇంట్లో కదిలే వస్తువుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. అయినా ఫ్రిజ్‌ను పట్టించుకున్నంతగా కూడా దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఓ రోజు పొద్దున్నే ఢామ్మని చప్పుడు వచ్చి, కారు లోపలే ఇరుక్కుపోయాక గానీ దాని సంగతి గుర్తుకు రాదు.

తలుపును మోటారే పైకి లాగుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువంతా మోసేది స్ప్రింగ్. రెండు కార్లు పట్టే స్టీల్ డోర్ రకాన్ని బట్టి 70 నుంచి 100 కేజీల దాకా, కొన్నిసార్లు అంతకు మించి బరువుంటుంది. చెక్కదైతే ఇంకా ఎక్కువే. తలుపు కిందికి దిగినప్పుడు స్ప్రింగ్ బిగుసుకుంటుంది. పైకి లేచేటప్పుడు ఆ బిగువే తలుపును ఎత్తుతుంది. మోటార్ చేసేది కాస్త తోయడం, కాస్త ఆపడం.. అంతే. అందుకే స్ప్రింగ్ బాగున్న తలుపును పెద్దవాళ్లు ఒంటి చేత్తో ఎత్తగలుగుతారు. అదే స్ప్రింగ్ తెగితే ఇద్దరు ముగ్గురు పట్టినా కదలడం కష్టం.

స్ప్రింగ్ ఆయుష్షు ఎంత?

మామూలు స్ప్రింగ్‌ను సుమారు 10,000 సైకిళ్లకు తయారు చేస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. రోజుకు నాలుగు సార్లు తెరిచి మూసే ఇంట్లో ఏడాదికి దాదాపు 1,460 అవుతాయి. అంటే ఏడేళ్లకు అటూ ఇటుగా దాని పని అయిపోయినట్టే. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, రెండు కార్లు, సాయంత్రం పిల్లల క్లాసులు ఉన్న ఇంట్లో ఇంకా ముందే. ఇల్లు కొత్తగా కట్టించుకున్నదైతే లెక్క తెలుస్తుంది. పాత ఇల్లు కొన్నవాళ్లకు స్ప్రింగ్ ఎప్పుడు వేశారో కూడా తెలియదు.

తెగినప్పుడు వచ్చే చప్పుడు తుపాకీ పేలినట్టే ఉంటుంది. తలుపు పైన అడ్డంగా ఉండే ఇనప రాడ్ మీది స్ప్రింగ్‌లో రెండు అంగుళాల ఖాళీ కనిపిస్తే తెగినట్టే లెక్క. అప్పుడు బటన్ నొక్కితే తలుపు కొంచెం లేచి ఆగిపోతుంది, మోటార్ మూలుగుతుంది. మళ్లీ మళ్లీ నొక్కితే మోటార్ కూడా పోతుంది.

యూట్యూబ్‌లో చూసి ఇంటి పనులన్నీ సొంతంగా చేసుకునే అలవాటు అక్కడ మనవాళ్లకు బాగానే ఉంది. గోడలకు రంగు వేయొచ్చు, కుళాయి మార్చొచ్చు. కానీ ఈ స్ప్రింగ్ మాత్రం ఆ లిస్టులోది కాదు. బిగించిన స్ప్రింగ్‌లో దాగిన శక్తి చేతిలోని రాడ్‌ను విసిరికొడితే వేళ్లు, దవడ ఏదైనా విరగొచ్చు. తలుపు కింది మూలల్లో కేబుల్ తగిలించి ఉండే బ్రాకెట్ కూడా అంతే ప్రమాదం. చూడటానికి మామూలు నట్టులాగే ఉంటుంది, కానీ దాని మీద స్ప్రింగ్ బిగువంతా ఉంటుంది. ఆ నట్టు ఊడదీయకూడదు. ఈ రెండు పనులకూ టెక్నీషియన్‌ను పిలవాల్సిందే. కొన్ని పాత ఇళ్లలో స్ప్రింగులు పక్క ట్రాకుల పైన సాగి ఉంటాయి. వాటి మధ్యలోంచి సేఫ్టీ కేబుల్ వెళ్తోందో లేదో చూసుకోవాలి. అది లేకుంటే తెగిన ముక్క గ్యారేజ్ అంతా ఎగురుతుంది.

ఆ రెండు చిన్న కళ్లు

తలుపుకు రెండు పక్కలా, నేలకు ఆరు అంగుళాలు దాటని ఎత్తులో రెండు చిన్న సెన్సర్లు ఉంటాయి. వాటి మధ్య కంటికి కనిపించని కిరణం వెళ్తుంది. దానికి పిల్లవాడో, కుక్కపిల్లో, సైకిలో అడ్డొస్తే దిగుతున్న తలుపు వెంటనే వెనక్కి లేస్తుంది. ఇవి ఊరికే రాలేదు. పిల్లలు తలుపు కింద నలిగి చనిపోయిన ఘటనల తర్వాత అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. 1993 జనవరి 1 తర్వాత తయారైన ప్రతి ఇంటి ఓపెనర్‌కూ ఇలాంటి రక్షణ తప్పనిసరి అయింది. అంతకుముందు మోటార్ ఇంకా నడుస్తోందంటే, ఎంత బాగా పనిచేస్తున్నా సరే, దాన్ని మార్చేయడమే మంచిది.

గొడవ ఎక్కడొస్తుందంటే, ఈ కళ్లకు సాలెగూడు పట్టినా, చీపురు తగిలి కాస్త పక్కకు తిరిగినా, సాయంత్రం ఎండ నేరుగా పడినా తలుపు దిగనంటుంది. కొంచెం దిగి మళ్లీ పైకి పోతుంది, మోటార్ లైట్ టపటపా కొట్టుకుంటుంది. విసుగొచ్చి కొందరు రెండు సెన్సర్లనూ ఊడదీసి, ఎదురెదురుగా టేప్ చుట్టి, పైన మోటార్ పక్కన పెట్టేస్తారు. తలుపు అప్పటికి దిగుతుంది. కానీ కింద ఎవరున్నారో దానికి ఇక తెలియదు. మెత్తటి గుడ్డతో తుడిచి, రెండింటి లైట్లూ నిలకడగా వెలిగేదాకా సరిచేస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే పని ఇది.

సెన్సర్ ఉంది కదా అని పూర్తిగా నమ్మేయకూడదు కూడా. నెలకోసారి చిన్న టెస్ట్ చేసుకోవాలి. హోమ్ డిపోలో దొరికే టూ బై ఫోర్ చెక్కను తలుపు దిగే చోట మధ్యలో, నేల మీద అడ్డంగా పడుకోబెట్టాలి. దాని మందం ఒకటిన్నర అంగుళం. బటన్ నొక్కితే తలుపు దిగి, చెక్కకు తగలగానే రెండు సెకన్లలోపు వెనక్కి లేవాలి. నొక్కుకుంటూ అక్కడే ఆగిపోతే ఆ తలుపును వాడటం ఆపేసి, సరిచేయించాలి. తర్వాత తలుపు దిగుతుండగా చీపురు కర్రను సెన్సర్ల మధ్య ఆడించి చూడాలి. అప్పుడూ వెనక్కి లేవాలి.

ఎర్ర తాడు ఎప్పుడు లాగాలి?

మోటార్ పట్టాల నుంచి వేలాడే ఎర్ర పిడి తాడు కరెంటు పోయినప్పటి కోసం. లాగితే తలుపుకు, మోటార్‌కు సంబంధం తెగిపోతుంది, చేత్తో ఎత్తుకోవచ్చు. కానీ తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే లాగాలి. తెరిచి ఉన్నప్పుడు లాగితే, స్ప్రింగ్ తెగి ఉంటే గనక, తలుపు మొత్తం ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లందరికీ ఈ తాడు గురించి ముందే చూపించి పెట్టాలి. 2017 అక్టోబర్‌లో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గ్యారేజ్ తలుపు తెరుచుకోలేక చిక్కుకున్నవాళ్లు ఉన్నారు. ఆ తర్వాతే 2019 జూలై నుంచి ఆ రాష్ట్రంలో అమ్మే ప్రతి కొత్త ఓపెనర్‌కూ బ్యాటరీ బ్యాకప్ ఉండాలని చట్టం తెచ్చారు. మిగతా రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు కూడా కొత్తది కొనేటప్పుడు బ్యాటరీ ఉన్నదే చూసుకోవడం మేలు.

ఇదే తాడుతో స్ప్రింగ్ ఆరోగ్యం కూడా తెలుసుకోవచ్చు. తలుపు మూసి, తాడు లాగి, చేత్తో నడుం ఎత్తుకు లేపి మెల్లగా పట్టు సడలించాలి. తలుపు అక్కడే నిలబడితే అంతా బాగున్నట్టు. కిందికి జారినా, పైకి పోయినా బ్యాలెన్స్ తప్పింది, టెక్నీషియన్‌ను పిలవాలి. లేపేటప్పుడే చాలా బరువనిపిస్తే అక్కడితో వదిలేయాలి.

కిర్రుమనే చప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లే పోగొట్టుకోవచ్చు. కీళ్లకు, రోలర్ బేరింగులకు, స్ప్రింగ్ చుట్లకు ఏడాదికి రెండుసార్లు సిలికాన్ లేదా వైట్ లిథియం స్ప్రే కొడితే చాలు. ట్రాకులకు కొట్టొద్దు, దుమ్ము అంటుకుని జిగురవుతుంది. వాటిని పొడి గుడ్డతో తుడవాలి. ఇంటింటా ఉండే నీలం పసుపు డబ్బా మామూలు డబ్ల్యూడీ 40 తుప్పు వదిలించడానికి పనికొస్తుంది గానీ ఇక్కడ ఎక్కువ రోజులు నిలవదు.

అమ్మమ్మలు, తాతయ్యలు వచ్చినప్పుడు..

ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లకు తెలిసింది కొట్టు షట్టర్. చేత్తో లాగితే దిగేది, వదిలితే ఆగేది. దానికదే దిగే ఈ తలుపు కింద నుంచి గబగబా బయటికి రావడం, దిగుతున్నప్పుడు చేత్తో పట్టుకుని ఆపబోవడం వాళ్లకు మామూలే. తలుపు పలకలు కలిసే సందులో వేలు పెడితే నలిగిపోతుంది. వాళ్లు వచ్చిన మొదటి రోజే ఒకసారి దగ్గరుండి చూపిస్తే సరిపోతుంది. పిల్లల సంగతి వేరే. తలుపు దిగేలోపు కింద నుంచి దూరి పరుగెత్తడం వాళ్లకు ఆట. గోడ బటన్ ఐదడుగుల పైనే ఉండాలి, రిమోట్ ఆడుకోవడానికి ఇవ్వకూడదు. తలుపు పూర్తిగా దిగేదాకా అక్కడే నిలబడి చూడాలి.

వాసన ఇంట్లోకి రాకుండా చేపల పులుసు, వేపుళ్లు గ్యారేజ్‌లో స్టవ్ పెట్టి వండుకునే ఇళ్లూ చాలానే. అలా వండేటప్పుడు తలుపు సగం లేపి వదిలేస్తారు. బయటి నుంచి వచ్చేవాళ్లు కారులోంచే బటన్ నొక్కితే, కింద కూర్చుని ఉల్లిపాయలు తరిగే మనిషి మీదికే దిగుతుంది. తలుపు పూర్తిగా తెరిచే పెట్టాలి. గ్యాస్ మంట, కారు పొగ రెండింటిలోనూ వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ప్రొపేన్ సిలిండర్ లోపల పెట్టొద్దు. కారును మూసిన గ్యారేజ్‌లో ఒక్క నిమిషం కూడా ఆన్‌లో ఉంచొద్దు. పుష్ బటన్ కార్లు ఆపడం మరచిపోయి నిద్రలోనే చనిపోయినవాళ్లు అమెరికాలో ఉన్నారు. గ్యారేజ్ పక్క గదిలో సీఓ అలారం పెట్టుకోవాలి.

సంక్రాంతికో, పెళ్లికో నెల రోజులు ఇండియా వెళ్లేవాళ్లు గోడ ప్యానెల్‌లో లాక్ బటన్ ఉంటే నొక్కి వెళ్లాలి, అప్పుడు రిమోట్‌లు పనిచేయవు. అది లేని మోడల్ అయితే మోటార్ ప్లగ్ తీసేయాలి. డ్రైవ్‌వేలో వదిలిన కారు సన్‌వైజర్‌కు రిమోట్ తగిలించి ఉందేమో కూడా చూసుకోవాలి.