గడీ గోడలు చెప్పు చరిత్ర

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పెక్కు పల్లెల నడుమ ఎత్తైన ప్రహరీ, మూలల బురుజులు, బండి దూరదగిన దర్వాజా గల పాత కట్టడములు కానవచ్చును. వీనినే మనవారు గడీ లందురు.

కోట వేరు, గడీ వేరు. ఎలగందుల కొండకోట రాజ్యరక్షణకై వెలసినది. కాకతీయులు మొదలు అసఫ్‌జాహీల వరకు దానిని ఏలిరి. 1905లో జిల్లా కేంద్రము కరీంనగరమునకు మారిన పిదప దాని ప్రాభవము తగ్గినది. గడీ యన్ననో, పరగణాలలో శిస్తు వసూలు చేయు దేశ్‌ముఖులు, లెక్కలు వ్రాయు దేశ్‌పాండ్యాలు తమ కుటుంబమును, ధాన్యమును, ధనమును కాపాడుకొనుటకు కట్టుకొన్న బలమైన నివాసము.

1865లో మొదటి సాలార్‌జంగు జిలాబందీ ఏర్పరచి, శిస్తు వసూలును సర్కారు నౌకరుల కప్పగించెను. దేశ్‌ముఖులకు రుసుము దక్కెను. అధికారము పోయినను భూములు వారి చేతనే నిలిచినవి, పెరిగినవి. గడీ పెత్తనమును తగ్గలేదు.

దర్వాజా దాటగానే కచేరీ. ఊరి తగవులు, జుర్మానాలు అచ్చటనే తేలెడివి. లోపల లోగిలి, ధాన్యపు గరిసెలు, పశువుల కొట్టము, బావి. ఈ గరిసెలు నింపినదెవరు? ఈ గోడలకు మట్టి మోసినదెవరు? కుమ్మరి కుండలిచ్చెను, తోలుపనివాడు చెప్పులు కుట్టెను, చాకలి బట్టలుతికెను. చాలవరకు కూలి లేదు. దానికి పేరు వెట్టి.

ఆంధ్రమహాసభ ఈ వెట్టిని ఎదిరించినది. ఆ సభ నాలుగవ సమావేశము 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది. 1978లో జగిత్యాలలో రైతుకూలీలు వేలుగా కదలిన పిమ్మట పలువురు దొరలు గడీలు విడిచి పట్టణములకు తరలిరి. కొన్ని గడీలు బడులుగా, కార్యాలయములుగా మారినవి, కొన్ని కూలిపోవుచున్నవి.

"కూలిపోనిండు, మనకేమి?" యను వారున్నారు. తాతలు పడిన బాధ తెలిసిన ఎవరును ఆ మాటను తప్పుపట్టలేరు. కాని గోడ కూలిన నాడు దొర పేరు పత్రములలో నిలుచును. మట్టి మోసినవాని పేరు ఏ పత్రమునను లేదు. అతని సంతకము ఆ గోడయే.

కావున చదువరులారా! గడీ పనులు చేసిన వృద్ధులు మన నడుమ నింక కొందరున్నారు. వారి మాటలను వ్రాసి గ్రంథాలయమునకు చేర్చుడు. ఈ రజతోత్సవమునకు అంతకు మించిన కానుక లేదు.