తీసేసిన దృశ్యాల్లో ఒక స్త్రీ

'రిజర్వాయర్ డాగ్స్'లో ఆడవాళ్ళు లేరు. ఆ సినిమా గురించి ఎవరు మాట్లాడినా మొదట అనే మాట ఇదే. మెచ్చుకునేవాళ్ళు దాన్నొక నిగ్రహంలా చెబుతారు, విమర్శించేవాళ్ళు నేరంలా చెబుతారు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో మగపిల్లలు నడిపే ఒక ఫిల్మ్ క్లబ్బులో దాన్ని చూశాను. చెవి కోసే దృశ్యం దగ్గర గదంతా ఈలలు. ఆడపిల్లలం నలుగురం వెనక వరసలో ఉన్నాం. తరవాత జరిగిన చర్చలో మాలో ఒకరు 'ఇందులో ఆడవాళ్ళేరీ?' అని అడిగితే, 'ఇది మగవాళ్ళ సినిమా' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ చర్చ అయిపోయింది గాని నా లోపల అవలేదు.

ఆ సినిమా 1992 జనవరిలో సన్డాన్స్ ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. క్వెంటిన్ టరాంటినో మొదటి సినిమా అది. సుమారు పన్నెండు లక్షల డాలర్లతో, పెద్ద స్టూడియోల ప్రమేయం లేకుండా తయారైంది. పదేళ్ళు నిండిన సందర్భంగా 2002లో అమెరికాలో రెండు డిస్కుల ప్రత్యేక ఎడిషన్ తెచ్చారు. అయిదు రకాల అట్టలు, ఒక్కో అట్టకీ ఒక్కో మగవాడు. ఇన్నేళ్ళకి అది హైదరాబాదులో పాత పుస్తకాల మధ్య నా చేతికి దొరికింది. అమెరికాలో అమ్మడానికి చేసిన డిస్కు మన ప్లేయర్లలో మామూలుగా ఆడదు. కంప్యూటర్ డ్రైవ్‌లో ప్రాంతం మార్చుకోవచ్చు గాని అది కూడా అయిదుసార్లే. అందులో ఒకటి ఈ సినిమాకి ఖర్చుపెట్టాను.

కథ తెలియనివాళ్ళకి రెండు మాటలు. రంగుల పేర్లు పెట్టుకున్న ఆరుగురు మగవాళ్ళు ఒక నగల దుకాణం దోపిడీకి వెళతారు. దోపిడీ మనకు చూపించరు. అది చెడిపోయాక ఒక పాడుబడ్డ గోడౌన్లో చేరి, మనలో పోలీసు మనిషి ఎవడా అని ఒకర్నొకరు అనుమానించుకుంటారు, చివరికి చంపుకుంటారు. ఆరెంజ్ అనే అతను కడుపులో తూటాతో సినిమా పొడుగునా నెత్తురు మడుగులో పడి ఉంటాడు. అతనే మారువేషంలో ఉన్న పోలీసు. అతన్ని కన్నకొడుకులా కాపాడే వైట్‌కి ఆ సంగతి ఆఖరి నిమిషం దాకా తెలియదు.

డిస్కు చూస్తూ నేను మొదట పట్టించుకున్నది ఆ తూటా గురించి. అది పోలీసులు కాల్చింది కాదు. పారిపోతూ ఆరెంజ్, వైట్ ఒక కారు ఆపుతారు. నడుపుతున్నది ఒక స్త్రీ. కారులో దాచిన పిస్తోలు తీసి ఆమె కాలుస్తుంది. కిందపడుతూ ఆరెంజ్ ఆమెను కాల్చి చంపేస్తాడు. ఒక పోలీసు ఒక మామూలు పౌరురాలిని చంపాడన్నమాట. 99 నిమిషాల సినిమాలో మనం చూసే ఆ నెత్తుటి మడుగుకి మూలం ఆమె. ఆమె లేకపోతే మగవాళ్ళ స్నేహమూ లేదు, ద్రోహమూ లేదు, ఆఖరి కౌగిలీ లేదు. కాల్చాక ఆరెంజ్ ముఖంలో కలిగిన దిగ్భ్రాంతిని కెమెరా చూపిస్తుంది. ఆమె శవం దగ్గరకు మాత్రం సినిమా మళ్ళీ వెళ్ళదు. చివర్లో పేర్ల పట్టికలో ఆమె పాత్ర పేరు 'షాట్ ఉమన్'. కాల్చిన స్త్రీ కాదు, కాల్పులకు గురైన స్త్రీ. కర్త కర్మగా మారిపోవటానికి ఒక్క విశేషణం చాలింది. మరో స్త్రీ పేరు 'షాక్‌డ్ ఉమన్'.

ఇక మొదటి దృశ్యం చూడండి. ఎనిమిది మంది మగవాళ్ళు హోటల్లో బల్ల చుట్టూ కూర్చుని టిఫిను చేస్తుంటారు. ఏం మాట్లాడుకుంటారు? మడోన్నా పాటకి అర్థమేమిటో ఒకడు బూతుగా వివరిస్తాడు. గుంపు నాయకుడు జో పాత అడ్రసుల పుస్తకం తిరగేస్తూ టోబీ అనే అమ్మాయి ఇంటిపేరు గుర్తురాక సతమతమవుతాడు. ఆ తరవాత వడ్డించే అమ్మాయిలకి టిప్పు ఇవ్వాలా వద్దా అని వాదన. పెద్ద చదువులు లేని స్త్రీలకు దొరికే పని అదేననీ, టిప్పుల మీదే వాళ్ళ బతుకులు నడుస్తాయనీ ఒకరంటే, అయితే నాకేమిటి అని పింక్ అంటాడు. గాయని, ఎప్పటిదో ఓ పరిచయస్తురాలు, హోటల్ కూలీలు. ఆడవాళ్ళు లేని సినిమా మొదలయ్యేదే ఆడవాళ్ళ గురించిన మాటలతో! వీళ్ళలో బదులు చెప్పే అవకాశం దొరికింది మడోన్నాకే. ఆ పాట ప్రేమ గురించి అని తన ఆల్బం మీద రాసి ఆమె సంతకం చేసి ఇచ్చిందని టరాంటినోయే చెప్పుకున్నాడు.

ఈ లేకపోవటానికి ఒక చరిత్ర కూడా ఉంది. 1987లో రింగో లామ్ తీసిన హాంకాంగ్ సినిమా 'సిటీ ఆన్ ఫైర్' నుంచి టరాంటినో కథలో ముఖ్యమైన ముడిని తీసుకున్నాడని అందరికీ తెలుసు. నగల దుకాణం, ముఠాలో చేరిన పోలీసు, అతన్ని నమ్మిన దొంగ, అన్నీ అక్కడివే. కానీ ఆ సినిమాలో చౌ యున్ ఫాట్ పాత్రకి పెళ్ళికి సిద్ధమైన ఒక స్త్రీ ఉంది. కారీ ఎన్‌జీ ఆ పాత్ర వేసింది. ఎప్పుడూ అందుబాటులో ఉండని మనిషి కోసం ఎదురుచూసి విసిగిపోయే స్త్రీ. కథ పసిఫిక్ దాటేటప్పుడు ఆమె ఒడ్డునే ఉండిపోయింది. తరవాత అదే కథ మన వైపు వచ్చింది. 2002 డిసెంబరులో, ఈ డిస్కు వచ్చిన కొద్ది నెలలకే, సంజయ్ గుప్తా హిందీ 'కాంటే' విడుదలైంది. అందులో ఆడవాళ్ళు తిరిగొచ్చారు. ఎలా? అమితాబ్ పాత్రకి జబ్బుపడ్డ భార్యగా ఒకరు ('పున్నమినాగు' నాటి మన రతి అగ్నిహోత్రి), క్లబ్బు పాటల్లో నాట్యం చేసేవాళ్ళు ఇంకొందరు. హాంకాంగ్‌లో ఎదురుచూపు, అమెరికాలో శూన్యం, బొంబాయిలో మంచం లేకపోతే వేదిక. ఈ మూడింటిలో ఏది తక్కువ అవమానమో నేను తేల్చుకోలేదు. ఒక్కోసారి శూన్యమే నయమనిపిస్తుంది. కనీసం అబద్ధం ఆడదు.

ఇక రెండో డిస్కులోని తీసేసిన దృశ్యాలు. చరిత్రకారులకి కాగితాల కట్టలెలాగో సినిమా చదివేవాళ్ళకి ఇవలాగ. వాటిలో ఒక దృశ్యంలో జోడీ మెక్‌క్లస్కీ అనే పోలీసు అధికారిణి ఉంది. నటి నీనా సిమాష్కో. ముఠాలోకి వెళ్ళబోతున్న ఫ్రెడ్డీకీ (ఆరెంజ్ అసలు పేరు), అతన్ని తయారుచేస్తున్న హోల్డవేకీ ఆమె వైట్ నేరచరిత్ర వివరిస్తుంది. రికార్డులు తవ్వి తీసిన మనిషి ఆమె. బేలగా లేదు, శృంగారంగా లేదు, ఎవరి భార్యా కాదు. పని చేసే స్త్రీ పని గురించి మాట్లాడుతోంది, ఇద్దరు మగవాళ్ళు వింటున్నారు. ఈ సినిమా కోసం చిత్రించిన వాటిలో ఒక స్త్రీ నోరు తెరిచి నాలుగు మాటలు నిలకడగా చెప్పిన చోటు ఇదే.

ఎందుకు తీసేశారు? నిడివి కోసం కావచ్చు. నిజం చెప్పాలంటే దృశ్యం కాస్త సాగినట్టే ఉంది. కానీ నాకు తోచింది ఇంకొకటి ఉంది. ఆమె మాటలు విన్నాక ఫ్రెడ్డీ అమాయకుడుగా మిగలడు. వైట్ ఎలాంటివాడో ముందే తెలిసిపోతుంది. ఆ ఇద్దరు మగవాళ్ళ మధ్య పుట్టే వాత్సల్యం నమ్మదగినదిగా ఉండాలంటే, ఆ వాత్సల్యం ఎలాంటివాడి మీదో చెప్పే స్త్రీ ఉండకూడదు. మగవాళ్ళ విషాదం ఎంత సుకుమారమైనదో చూడండి, ఒక స్త్రీ నోటి సమాచారానికే చెదిరిపోతుంది!

అదే జాబితాలో ఇంకో వస్తువుంది. చెవి కోసే దృశ్యం వేరే కోణాల్లో. సినిమాలో బ్లాండ్ (మైకేల్ మాడ్సన్, 2025 జులైలో చనిపోయాడు) రేడియో పాటకి అడుగులేస్తూ, కుర్చీకి కట్టేసిన పోలీసు దగ్గరికి కత్తితో వస్తాడు. సరిగ్గా కోసే క్షణంలో కెమెరా పక్కకి, ఖాళీ గోడ వైపుకి తిరిగిపోతుంది. మనకి అరుపు వినబడుతుంది, చెవి తెగటం కనబడదు. డిస్కులో అది కనబడుతుంది. చూశాను. రబ్బరు చెవీ ఎర్ర రంగూ తప్ప ఏం లేదు. కెమెరా తలతిప్పుకున్నప్పుడు కలిగిన భయంలో పదోవంతు కలగలేదు.

అంటే ఈ సినిమా ఈ రూపానికి రావటానికి ముఖ్యంగా రెండు తీసేయాల్సి వచ్చింది, మాట్లాడే స్త్రీనీ, కనబడే కత్తిగాటునీ. రెండో దానికి నేను అభ్యంతరం చెప్పను. పైగా అసూయపడతాను. ఒక మగవాడి శరీరం చిత్రహింస పాలయ్యేటప్పుడు కెమెరాకి ఇంత మర్యాద తెలిసినప్పుడు, ఆడవాళ్ళ శరీరాల దగ్గర ఆ మర్యాద ఏమవుతుంది? రెండేళ్ళ తరవాత, 1994లో, 'బాండిట్ క్వీన్' వచ్చినప్పుడు, బతికున్న స్త్రీ మీద జరిగిన అత్యాచారాన్ని ఆమె ఒప్పుకోలు లేకుండా తెరకెక్కించే హక్కు ఎవరిచ్చారని అరుంధతీ రాయ్ నిలదీసింది. అప్పుడు ఎంతోమంది ఇచ్చిన జవాబు, వాస్తవం చూపించాలి కదా అని. గోడ వైపు తిరగటం కూడా వాస్తవాన్ని చెప్పే పద్ధతేనని అప్పటికే ఒక నేర సినిమా చేసి చూపించింది.

ఆ గోడ దృశ్యాన్ని సినిమాలో నిలిపిన ఎడిటింగు బల్ల దగ్గర కూర్చున్నది ఒక స్త్రీ. శాలీ మెంకీ. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకుని, 1990లో 'టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్' ఎడిట్ చేసి, ఈ కొత్త కుర్రాడి స్క్రిప్టు చదివి పని కోరుకుంది. అప్పటి నుంచి 2009 నాటి 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' దాకా ఆయన ప్రతి సినిమానీ ఆమే కూర్చింది. మగతనపు లయ అని విమర్శకులు మురిసిపోయిన ఆ లయ, ఎక్కడ మాట సాగాలి, ఎక్కడ మౌనం నిలవాలి అన్నది, ఆమె చేతుల్లోది కూడా. జోడీని తీసేసిన కత్తెరా అక్కడిదే. ఆమెను మన మనిషిగా చప్పట్లు కొట్టి ఊరుకుంటే సరిపోదనే ఈ మాట అంటున్నాను.

నల్ల సూట్లు, సన్న టైలు, ఈనాటికీ పోస్టర్ల మీద కనబడే ఆ మగ ఠీవి దుస్తుల డిజైనర్ బెట్సీ హైమన్ పని. అసలు ఈ స్క్రిప్టు హార్వీ కైటెల్‌కి చేరిందే లిలీ పార్కర్ ద్వారా. కైటెల్ ఒప్పుకున్నాకే డబ్బు పుట్టింది, అంతకుముందు స్నేహితులతో ముప్ఫై వేల డాలర్లలో తీసుకుందామనుకున్న సినిమా అది. లిలీ పార్కర్‌కి కైటెల్ యాక్టర్స్ స్టూడియో నుంచి తెలుసు. ఈ కథ చెప్పేవాళ్ళు ఆమెను ఏమంటారో తెలుసా? నిర్మాత లారెన్స్ బెండర్‌కి నటన నేర్పిన మాస్టారి భార్య.

పంపిణీ చేసింది మిరామాక్స్. చెవి దృశ్యం తీసేయమని హార్వీ వైన్‌స్టీన్ అడిగాడు, టరాంటినో ఒప్పుకోలేదు. తెరమీద హింసకి అంత కలవరపడ్డ ఆ పెద్దమనిషి హోటల్ గదుల్లో ఏం చేస్తూ వచ్చాడో 2017 అక్టోబరు నుంచి పదుల సంఖ్యలో స్త్రీలు చెప్పారు. ఇంతకన్నా ఇక్కడ అతనికి చోటివ్వను.

2006లో ఇంకో ఎడిషన్ వచ్చింది, పెట్రోలు డబ్బా ఆకారంలో ఉన్న రేకు పెట్టెలో. కట్టేసిన పోలీసు మీద బ్లాండ్ పెట్రోలు పోస్తాడు గదా, దాని జ్ఞాపకార్థం. దాని బొమ్మ చూసినప్పుడు నాకు తెలిసిన ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. సినిమాలో ఆ మంట అంటుకోదు, అంటించేలోపే ఆరెంజ్ కాల్చేస్తాడు. మన ఇళ్ళల్లో డబ్బాలకి అలాంటి ఆరెంజ్‌లు ఉండరు. స్టవ్ పేలిందని రాసుకున్న పోలీసు కాగితాల మధ్య పెరిగిన తరం మనది. కిరసనాయిలు వాసన తెలిసినవాళ్ళకి ఆ డబ్బా బొమ్మ సరదా వస్తువు కాలేదు.

2002 డిస్కులో విమర్శకుల వ్యాఖ్యానం కూడా ఉంది. ముగ్గురు మాట్లాడతారు, అందులో ఒకరు ఏమీ టాబిన్. 1992 డిసెంబరులోనే 'సైట్ అండ్ సౌండ్'లో ఆమె ఈ సినిమా మీద వ్యాసం రాసింది. పేరు 'ద మెన్స్ రూమ్'. ఆడవాళ్ళకి ప్రవేశం లేని గది అని పేరులోనే చెప్పేసింది. అదే ఏడాది కారల్ క్లోవర్ భయానక సినిమాల మీద రాసిన 'మెన్, విమెన్ అండ్ చైన్ సాస్' వెలువడింది. నెత్తురు సినిమాలు చూసే కుర్రాడు తెరమీద ఎవరితో మమేకమవుతాడన్న ప్రశ్నని అది తలకిందులు చేసింది. మా ఫిల్మ్ క్లబ్బులో చర్చ జరిగిన నాటికే ఇవన్నీ అచ్చులో ఉన్నాయి. ఆ గదిలో ఎవరూ చదివినట్టు లేదు. అడిగిన మా స్నేహితురాలు ఒంటరి అనుకుంది, కాదు.

ఇప్పుడు మా విద్యార్థినులు సినిమాలు చూసేది ఫోనులో. వాళ్ళకి దొరికేది సినిమా ఒక్కటే. తీసేసిన దృశ్యాలు ఉండవు, వ్యాఖ్యానం ఉండదు, చివరి పేర్ల పట్టిక కదలగానే తెర మూలకి కుంచించుకుపోయి ఇంకో సినిమా చూడమంటుంది. 'షాట్ ఉమన్' అన్న అక్షరాలు చదివే వ్యవధి కూడా లేదు. జోడీ మెక్‌క్లస్కీ ఉందని వాళ్ళకి తెలిసే దారి ఏది? డిస్కు అరిగిపోయే వస్తువు, డ్రైవ్ లేని కంప్యూటర్లే ఇప్పుడు కొంటున్నాం. అందుకని నేను ఆ దృశ్యంలోని మాటలన్నీ విని కాగితం మీద ఎక్కించుకున్నాను. క్లాసులో సినిమాకి ముందు అది చదివిస్తున్నాను. పోయినసారి ఒకమ్మాయి జోడీ మాటలు చదువుతుంటే, ఫ్రెడ్డీగా చదవాల్సిన అబ్బాయి తన వంతు మరిచిపోయి వింటూ ఉండిపోయాడు.

శాలీ మెంకీ 2010 సెప్టెంబరు చివర్లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయింది. కొండదారిలో నడవడానికి వెళ్ళింది, ఆ రోజు అక్కడ ఎండ 113 ఫారన్‌హీట్ డిగ్రీలకు చేరి రికార్డు. టరాంటినో సెట్లలో ఒక అలవాటు ఉండేది. షాట్‌కి ముందో తరవాతో నటులు కెమెరా వైపు తిరిగి, ఎక్కడో ఎడిటింగు గదిలో ఈ ముక్కలన్నీ చూస్తూ కూర్చునే ఆమెను పేరుపెట్టి పలకరించేవాళ్ళు. ఆ పలకరింపులు సినిమాలో పనికిరాని ముక్కలు. వాటిని ఏరి తరవాత 'డెత్ ప్రూఫ్' డిస్కులో అదనంగా చేర్చారు.