బహ్రెయిన్ దీవిలో పాత ఇళ్ళు, మన పెద్దల ఇళ్ళు

బహ్రెయిన్ అనగానే మనకు చమురు, ముత్యాలు, ఎండ గుర్తుకు వస్తాయి. ఇళ్ళు గుర్తుకు రావు. ఈ వ్యాసములో మేము ఆ దీవిలోని ఇళ్ళను గురించి, వాటిపై అక్కడి ప్రజలకు గల మమకారమును గురించి వ్రాయదలచినాము. మారిషస్‌లోని మనకు ఎడారి దేశపు ఇళ్ళతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. మన పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినారు. బహ్రెయిన్‌లోని ముహర్రక్ పట్టణపు పాత ఇళ్ళను 2012లో అదే పట్టికలో చేర్చినారు. మన ఘాట్ ఒప్పందముతో కట్టుబడి వచ్చిన కూలీల గుర్తు. ముహర్రక్ ఇళ్ళు చాలావరకు అప్పుతో కట్టుబడిన మనుషుల శ్రమ మీద లేచినవి. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే మన సంగతి మనకు ఇంకొంచెము బాగా తెలుస్తుంది.

ముహర్రక్ ఒక చిన్న దీవి. ఇప్పుడు దానిని రాజధాని మనామాతో వంతెనలు కలుపుతున్నవి. మనామా రాజధాని కాక మునుపు పాలకులు ముహర్రక్‌లోనే ఉండేవారు. 1869 నుండి 1923 వరకు పాలించిన షేక్ ఈసా బిన్ అలీ ఇల్లు నేటికీ అక్కడ ఉన్నది. మేము కొందరు ఉపాధ్యాయ మిత్రులతో కలిసి ఆ ఇంటిని చూచినాము. బయటి నుండి చూస్తే దాదాపు కిటికీలు లేని గోడ మాత్రమే. లోపలికి వెళితే ఆకాశమునకు తెరచిన ముంగిలి, దాని చుట్టూ గదులు. ఒక గదిపై ఎత్తైన గాలి గోపురము ఉన్నది. నాలుగు దిక్కులలో ఎటునుండి గాలి వీచినా అది పట్టి క్రింది గదిలోనికి దింపుతుంది. విద్యుత్తు లేని రోజులలో, బయట నిప్పులు చెరిగే వేసవిలో, ఆ గదిలో కూర్చున్నవారు ఎంత హాయి పొందినారో ఊహించుకొనవచ్చును.

ముంగిలి చూడగానే మాకు గోదావరి జిల్లాల మండువా లోగిలి జ్ఞాపకము వచ్చినది. అయితే ఒక సంగతి దాచక చెప్పవలెను. మండువా లోగిలి అను మాట మేము సాయంకాలపు తెలుగు తరగతిలో పాఠ్యపుస్తకము నుండి నేర్చుకొన్నదే. కోరంగి రేవు నుండి ఓడ ఎక్కిన మన ముత్తాతలలో ఎక్కువమంది తాటాకు పాకల నుండి వచ్చినవారే గాని మండువా ఇళ్ళవారు కారు. మన సభలలో పూర్వ వైభవమును గురించి ఉపన్యసించువారు ఈ విషయము కొంచెము జ్ఞాపకము ఉంచుకొంటే మంచిది.

ముహర్రక్ ఇంటి గోడలు పగడపు రాతితో కట్టినవి. సముద్రము వెనుకకు తగ్గినపుడు ఆ రాతిని పెరికి తెచ్చేవారు. అది తేలిక, బోలు. అందుచేత వేడి త్వరగా లోపలికి రాదు. సున్నమువలె జిప్సముతో పూత వేసేవారు. కలప ఆ దేశమున లేదు. పైకప్పుకు మడ చెట్ల వాసములు తూర్పు ఆఫ్రికా తీరమునుండి తెరచాప పడవలలో వచ్చేవి. తలుపులకు టేకు మన ఇండియా నుండి వచ్చేది. వాసము ఎంత పొడుగో గది వెడల్పు అంతే, ఇంచుమించు మూడు మీటర్లు. షేక్ ఇల్లు అయినా, వర్తకుని ఇల్లు అయినా గది వెడల్పు మాత్రము అంతే! ధనవంతుడు గదుల సంఖ్య పెంచుకొనగలడు, గోడలపై చెక్కడపు పని చేయించుకొనగలడు గాని వాసమును సాగదీయలేడు గదా. సియాదీ అను ముత్యాల వర్తక కుటుంబపు ఇంటిలో జిప్సము మీద చేసిన అల్లికలను చూస్తే ఆ ధనము ఎక్కడికి పోయినదో తెలుస్తుంది.

ఇక ఆ ధనము ఎక్కడి నుండి వచ్చినది? ఏటా వేసవిలో సుమారు నాలుగు నెలలు ఊరిలోని మగవారు పడవలెక్కి ముత్యపు చిప్పల తావులకు వెళ్ళేవారు. ముక్కుకు పట్టుకారు వంటిది పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని ఒకడు మునిగేవాడు. పైన మరియొకడు త్రాడు పట్టుకొని, సైగ రాగానే లాగేవాడు. ఆ నాలుగు నెలలు ఊరు ఆడవారిది, పిల్లలది, ముసలివారిది. ఇంటి యజమానురాలు ఇంటిని నడిపేది. బంగారు దారముతో దుస్తుల అంచులు అల్లే పని ఆడవారు కలిసి కూర్చొని చేసేవారు. కురార్ అను ఆ అల్లిక పేరుతోనే ఇప్పుడు ముహర్రక్‌లో ఒక ఇల్లు ఉన్నది.

ఆ ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి. హైదరాబాదు పత్తర్‌గట్టీ దుకాణములలో బస్రా ముత్యాలు అని పేరు పొందినవి ఈ గల్ఫు సముద్రపు ముత్యాలే. తెలుగు దేశపు పెండ్లి నగలలో బహ్రెయిన్‌వాని ఊపిరి ఉన్నదని చెబితే తప్పు కాదు.

పడవ నాయకుని నఖుదా అనేవారు. సముద్రమునకు వెళ్ళేముందు, మరల పని లేని శీతకాలములోను, నఖుదా మునిగేవారికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ సొమ్ముతోనే ఇంటివారు బియ్యము, ఖర్జూరము కొనుక్కొని బ్రతికేవారు. సీజను ముగిసి లెక్క చూస్తే పలువురికి మిగిలేది బాకీయే. బాకీ తీరనిదే మరియొక నఖుదా పడవ ఎక్కరాదు. తండ్రి చనిపోతే బాకీ కొడుకు మీదికి వచ్చేది. లెక్కల పుస్తకము నఖుదా చేతిలో, చదువు రానివాడు మునిగేవాడు. 1920 తరువాతి సంవత్సరములలో బ్రిటిషువారి ఒత్తిడిపై సంస్కరణలు వచ్చినవి. ప్రతి మునిగేవానికి తన లెక్క తనకు చూపే పుస్తకము ఉండవలెనని నియమము పెట్టినారు. దీనిని వర్తకులే గాక, అడ్వాన్సు తగ్గిపోవునని భయపడిన మునిగేవారు కూడా వ్యతిరేకించినారు. ఇది వినుటకు వింతగా ఉండును గాని, ఆకలి ముందున్నవానికి స్వేచ్ఛకంటె రేపటి బియ్యము దగ్గర. 1932లో అడ్వాన్సు విషయమై వారు తిరుగుబాటు కూడా చేసినారు.

మన ఎస్టేటులలో నెలకు ఐదు రూపాయల జీతము, రేషను. ఒక్క రోజు పని మానితే రెండు రోజుల జీతము కోత. డబుల్ కట్ అని మన తాతలు తిట్టుకొన్న ఆ పద్ధతి 1909 దాకా సాగినది. ఇక్కడ ఒప్పందము, అక్కడ బాకీ. పేరు మారినది గాని మనిషి కాలు కట్టుబడే ఉన్నది. ఒక్క భేదము మాత్రము ఉన్నది, అది చిన్నది కాదు. ముహర్రక్‌వాడు ఎంత బాకీలో ఉన్నా సీజను ముగిసినాక తన తల్లి ఉన్న ఇంటికి వెళ్ళేవాడు.

1929 తరువాత ప్రపంచమంతట వ్యాపారము దెబ్బతిన్నది. జపానువారి పెంపకపు ముత్యాలు వచ్చి బజారును ముంచినవి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడినది. మునిగేవారి కొడుకులు చమురు కంపెనీలో కూలికి వెళ్ళినారు. రూపాయి మాత్రము చాలాకాలము మన ఇండియా రూపాయే. 1959లో గల్ఫు రూపాయి అని వేరుగా అచ్చువేసినారు, 1965లో దీనారు వచ్చినది. బ్రిటిషు రక్షణ నుండి బయటపడి స్వతంత్రము ప్రకటించుకొన్నది 1971 ఆగస్టు 15న. ఆ తేదీ చూచి మేము ఆశ్చర్యపోయినాము.

1968లో ఈసా టౌను, 1984లో హమద్ టౌను అను క్రొత్త పట్టణములు లేచినవి. తిన్నని వీధులు, కుళాయి నీళ్ళు, కారు నిలుపుకొను చోటు. ఎవరికి వద్దు? కుటుంబములు ఒకటొకటిగా పాత ఇళ్ళు విడిచి వెళ్ళినవి. సముద్రమును పూడ్చి భూమి చేసినందున, ఒకప్పుడు అలలు తాకిన గుమ్మములు ఇప్పుడు ఒడ్డుకు చాలా దూరములో ఉన్నవి. ఖాళీ అయిన ఇళ్ళను గదులు గదులుగా అద్దెకు ఇచ్చినారు. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుండి వచ్చిన పనివారు ఒక్కొక్క గదిలో పలువురు చేరినారు. పాత ఊరు పాడైపోయినదని పెద్దలు బాధపడినారు. ఆ బాధ మాకు అర్థమైనది. అయినను ఒక మాట. ఆ పనివారు అద్దె కట్టి ఉండకపోతే ఆ ఇళ్ళలో కొన్ని ఎప్పుడో మట్టిపాలై ఉండేవి.

2002లో షేఖా మై బింత్ మొహమ్మద్ అల్ ఖలీఫా ముహర్రక్‌లో ఒక సంస్కృతి కేంద్రము స్థాపించి పాత ఇళ్ళను ఒకటొకటిగా బాగుచేయించినారు. 1939లో బహ్రెయిన్ మొదటి వార్తాపత్రిక నడిపిన అబ్దుల్లా అల్ జాయెద్ ఇల్లు, గాయకుడు మొహమ్మద్ బిన్ ఫారిస్ ఇల్లు ఆ విధముగా నిలిచినవి. తరువాత ప్రభుత్వము 17 కట్టడములు, సముద్రములోని మూడు ముత్యపు చిప్పల తావులు, బూ మాహిర్ కోట, దాని ప్రక్కన ఒడ్డు కొంత కలిపి వారసత్వముగా నిలబెట్టినది. వర్తకుల మేడలతో పాటు నఖుదా ఇల్లు, పడవ పనివారి ఇళ్ళు కూడా చేర్చినందుకు మేము సంతోషించినాము. 2019లో ఈ పనికి ఆగాఖాన్ వాస్తు బహుమతి వచ్చినది.

అయినను బీదలలో ఎందరో ఉండినది ఖర్జూరపు మట్టలతో అల్లిన బరస్తీ గుడిసెలలో. వాటిలో ఒక్కటి నిలువలేదు. మట్ట నిలువదు గదా. మన సంగతి కూడా అంతే. త్రియానోన్ ఎస్టేటులో కూలీలను ఉంచిన రాతి కమానుల గదులు నేటికీ జాతీయ స్మారకముగా ఉన్నవి. అవి దొరలు కట్టించినవి. ఒప్పందము తీరిన తరువాత మనవారు చేయి చాచి తుండు నేల కొనుక్కొని, చెరకు ఆకు కప్పి, పేడతో అలికి కట్టుకొన్న లకాజ్ లాపాయ్ ఒకటీ లేదు. మిగిలినవి కొన్ని 1960 జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరిలో కారోల్ తుఫానులకు ఎగిరిపోయినవి. ఆ తరువాత మనము కాంక్రీటు మీద నమ్మకము పెంచుకొన్నాము. అది తప్పని మేము అనము. పైకప్పు ఎగిరిపోగా పిల్లలను మంచము క్రింద దాచిన తల్లిని అడిగితే చెబుతుంది. కాని మనలను ఉంచిన గదులు మిగిలినవి, మనము కట్టుకొన్న ఇళ్ళు మిగులలేదు.

మనామాలో మరియొక ఇల్లు మా మనసున నిలిచినది. అది కవి ఇబ్రహీం అల్ అర్రాయద్ గారి ఇల్లు. ఇప్పుడు కవితల గృహముగా నడుస్తున్నది. ఆయన 1908లో బొంబాయిలో పుట్టినారు. తండ్రి బహ్రెయిన్ నుండి వచ్చిన ముత్యాల వర్తకుడు. బాల్యమంతా బొంబాయిలో గడచినందున అరబ్బీ ఆయనకు ఇంటి భాషగా రాలేదు. యౌవన ప్రారంభములో బహ్రెయిన్ వచ్చి తరగతిలో కూర్చొని అరబ్బీ నేర్చినారు. తరువాత ఉపాధ్యాయుడైనారు, అరబ్బీలో మహాకవి అనిపించుకొన్నారు, రాజ్యాంగము వ్రాసిన సభకు అధ్యక్షత వహించినారు, 2002లో కన్ను మూసినారు. తన భాషను బయటినుండి వచ్చి పాఠములుగా నేర్చుకొన్నవాడు ఆ ఊరి పెద్ద గొంతు అయినాడు. మన బైఠకాలలో అ ఆలు దిద్దుకొని, ఉచ్చారణ తప్పితే ఇండియా నుండి వచ్చిన అతిథులు నవ్వగా తలవంచుకొన్న వారికి ఈ కథ చెప్పవలెను.

మనామా పాత బజారులో తెలుగు మాట వినబడి ఒక యువకుని పలుకరించినాము. జగిత్యాల వైపువాడు, కట్టడపు పనివాడు. మా మాట విని అతడు నవ్వినాడు.

“మీరు పుస్తకం లెక్క మాట్లాడుతున్నరు సార్. ఏ జిల్లా మీది?”

మాకు జిల్లా లేదని, మారిషస్ అని, మా ముత్తాతలు చెరకు నరకుటకు వెళ్ళినారని చెప్పినాము. “అయితే మీరు గుడ క్యాంపులోల్లే,” అన్నాడు. కాంపు! మన ఎస్టేటు కాంపుల పేర్లు నేటికీ మన ఊళ్ళకు ఉన్నవి. అక్కడ పనివారి వసతిని కూడా క్యాంపు అనే అంటారు.

నీ ఇల్లు ఎక్కడ బాబూ అని అడిగినాము.

“ఇక్కడ ఇల్లు యాడిది సార్? ఇది రూమ్. ఇల్లు ఊర్ల కడుతున్న. స్లాబ్ పడ్డది, గిలాబు జెయ్యాలె. గా పైసలకు ఇంక రెండేండ్లు పడ్తది.”

ఫోను తీసి చూపినాడు. రెండంతస్తులు, ముందు స్తంభములు, పచ్చిసిమెంటు రంగు. అతడు ఆ ఇంటిని ఇంతవరకు ఫోనులోనే చూచినాడు. లోపల అడుగు పెట్టలేదు. గృహప్రవేశమునకు సెలవు దొరకునో లేదో అని అతని దిగులు. ఏ గది నీది అని అడిగితే కొంచెము సేపు ఆలోచించి, “అమ్మ అడుగుతున్నది సార్, నేనింక చెప్పలే,” అన్నాడు.

ముహర్రక్‌లో పాత ఇళ్ళు బాగుచేయునపుడు అక్కడి ముసలివారి నోటి జ్ఞాపకములు ఎంతో పనికివచ్చినవి. మన ఇళ్ళకు గోడలు లేవు గనుక జ్ఞాపకములే మిగిలినవి. మీ ఇంటిలో 1960కి ముందు పుట్టినవారు ఉంటే వారిని అడిగి వ్రాసి పంపండి. గడ్డి ఇల్లు ఎన్ని అడుగులు? గుమ్మము ఏ దిక్కు? పొయ్యి లోపలా, బయటా? దీపము ఏ గూటిలో పెట్టేవారు? రామభజన ఏ వసారాలో జరిగేది? నీళ్ళు ఎక్కడినుండి మోసేవారు? కారోల్ తుఫాను రాత్రి ఏ ఇంటికి పరుగెత్తినారు? తెలుగులో వ్రాయుట కష్టమైతే క్రియోల్‌లోనైనా వ్రాయండి, మేము తెలుగు చేసికొంటాము.