లాగ్‌లో ప్రశ్నార్థకం

ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేస్తూ డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో సీక్వెల్ భాషను ప్రకటించారు. ఆ పేరే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. అటుపైన చాన్నాళ్లు, అప్లికేషన్ ఏ క్వెరీ నడుపుతోందన్నది పెద్ద సందేహమే కాదు. కోబాల్ ప్రోగ్రాం తెరిస్తే ఎగ్జెక్ ఎస్‌క్యూఎల్, ఎండ్ ఎగ్జెక్ అనే రెండు గట్ల మధ్య క్వెరీ కళ్లెదుటే ఉండేది. రాసిందే నడిచేది.

ప్రోగ్రాంలోని ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లకు ముడిపెట్టే ఓఆర్‌ఎంలు వచ్చాక ఆ ధీమా పోయింది. 2001లో గావిన్ కింగ్ జావా కోసం హైబర్నేట్ అనే ఓఆర్‌ఎం మొదలుపెట్టాడు. ఆబ్జెక్టులు మనం రాస్తాం, ఎస్‌క్యూఎల్ అది అల్లుతుంది. ఏం అల్లిందో చూద్దామని షో ఎస్‌క్యూఎల్ సెట్టింగు ఆన్ చేస్తే క్వెరీలు వరదలా దిగుతాయి గానీ, విలువ ఉండాల్సిన ప్రతిచోటా ప్రశ్నార్థకమే: 'కస్టమర్ ఐడీ = ?'. ఏ కస్టమరయ్యా అంటే లాగ్ మనల్నే ఎదురడుగుతుంది! ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో క్వెరీ పాఠం వేరు, అందులో కూర్చునే విలువలు వేరు మరి. అప్లికేషనుకూ అసలు డ్రైవరుకూ నడుమ దూరి, రెంటినీ కలిపి రాసిపెట్టే పీ6స్పైని జనం ఆశ్రయించింది అందుకే.

డేటాబేస్ వైపు చూపు వేరు. మైఎస్‌క్యూఎల్ స్లో క్వెరీ లాగ్, మనం మార్చకపోతే, 10 సెకన్లు దాటినవాటినే పట్టించుకుంటుంది. 5.1 వెర్షన్ దాకా ఆ గడువు 1 సెకను కంటే తగ్గేదే కాదు. ఆర్డర్ల పేజీ ఒకటి తీసుకోండి: 50 ఆర్డర్లకు ఒక క్వెరీ, ఆపై ఒక్కో కస్టమరు పేరుకు ఒక్కోటి, వెరసి 51. ఒక్కోటీ 2 మిల్లీసెకన్లలో ముగిస్తే స్లో లాగ్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. అప్లికేషన్ లాగ్‌లో మాత్రం ఒకే వాక్యం యాభైసార్లు కిందికి జారిపోతుంది. ఎన్ ప్లస్ వన్ అనే ఈ జబ్బును, నన్నడిగితే, ఆ జారుడులో కంటితో పట్టుకోవడమే సులువు.

పోస్ట్‌గ్రెస్ మరో దారి పట్టింది. 2009లో 8.4తో వచ్చిన పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్, ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచిందో, మొత్తం ఎంతసేపు తిన్నదో పద్దు రాస్తుంది. 2012లో 9.2 వెర్షన్ విలువలను చెరిపి, ఒకే అచ్చు క్వెరీలన్నిటినీ ఒక్క పద్దులో వేసింది. చెరిపినచోట ఏం పెట్టిందనుకున్నారు? ప్రశ్నార్థకమే!

ఇక విలువలన్నీ రాసిపెట్టే లాగుల్లో ఫోన్ నంబర్లు, చిరునామాలు కూడా పోగుపడతాయి కదా. 2020 నాటి పోస్ట్‌గ్రెస్ 13లో, క్వెరీతో విడిగా పంపిన విలువ లాగ్‌లో ఎంత పొడవు పడాలో చెప్పే సెట్టింగు చేరింది. అందులో 0 పెడితే ఎర్రర్ రాని మామూలు క్వెరీల పక్కన ఒక్క విలువా పడదు.