పిక్కకు ముందే చెప్పాలి

శనివారం సాయంత్రం ఆరు దాటింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లోంచి ఎలాగో బయటపడి షాపు అద్దం తలుపు తోయగానే ఏసీ చల్లదనంతో పాటు కొత్త రబ్బరు వాసన గుప్పుమంటుంది. కావాలనే ఈ వేళకు వచ్చారు మీరు. పొద్దంతా నిలబడీ తిరిగీ పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అరగంట పరుగు తర్వాత కూడా అంతే. పొద్దున్నే సరిపోయిన షూ అప్పుడు కరుస్తుంది. రోజూ పరుగెత్తే సాక్సు కూడా జేబులో వేసుకొచ్చారు. షాపువాళ్లిచ్చే పల్చటి నైలాన్ సాక్సుతో చూసిన సైజు ఆ సాక్సుకే పనికొస్తుంది.

గోడ నిండా రెండు వేళ్ల మందం సోళ్లే. ఇదే ఇప్పటి ఫ్యాషన్. రోడ్డు రేసుల్లో సోలు 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2020లో గీత గీయాల్సి వచ్చిందంటే పోటీ ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

"ఇది తొడిగి చూడండి సార్, మస్తు మెత్తగుంటది." కుర్రాడు అప్పుడే ఒక డబ్బా తెరిచేశాడు.

"మెత్తనివి వద్దు తమ్ముడూ. తేలిగ్గా, సోలు పల్చగా ఉన్నవి చూపించు."

అతను ఓసారి మీ పొట్టవైపు చూసి, ఏమీ అనకుండా కింది అరలోకి వంగుతాడు.

రెండు జతలు బయటికొచ్చాయి. ఒకదాన్ని ఎడమ చేతిలోకి తీసుకుని, కుడి చేత్తో మీ పాత షూ ఎత్తండి. వంద గ్రాముల తేడా అరచేతికే తెలిసిపోతుంది. ఒక్కో షూకు వంద గ్రాములు పెరిగితే పరుగుకయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని ప్రయోగశాలల్లో కొలిచారు. రేసు గెలవాలనుకునే వాళ్లకు అది పెద్ద లెక్కే. నాబోటి వాళ్లకు మాత్రం గ్రాములకన్నా మడమ కింది మిల్లీమీటర్లే ముఖ్యం.

షూని పక్కకు తిప్పి చూడండి. మీ పాతదానిలో మడమ, ముందుభాగం కన్నా 10 మిల్లీమీటర్ల ఎత్తున కూర్చుంది. మొదటి కొత్త జతలో ఆ తేడా 4. రెండోదానిలో సున్నా, పాదమంతా ఒకే మట్టం. మడమ దిగిన కొద్దీ దాని వెనక ఉన్న అకిలిస్ స్నాయువు అంత ఎక్కువ సాగాలి, పిక్క అంత ఎక్కువ లాగాలి. షాపులో ఎవరూ చెప్పని మాట ఇదే. సోలు పల్చనైతే అది చేసే పని ఎక్కడికీ పోదు, మీ పిక్క మీద పడుతుంది.

ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని వంచండి. 4 మిల్లీమీటర్ల జత, వేళ్లు మొదలయ్యే చోట చక్కగా వంగుతుంది. వంగాల్సింది అక్కడే. రెండోది ముందు నుంచి వెనక్కి చాపలా చుట్టుకుపోతుంది. మడమ వెనక గోడను బొటనవేలితో నొక్కండి. ఒకదానిలో లోపల గట్టి ప్లాస్టిక్ తగులుతుంది, రెండోదానిలో ఉత్త బట్టే.

లోపలి అట్ట బయటికి లాగి, నేల మీద పరిచి, దానిపై నిలబడండి. షాపులో చేయదగ్గ పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నమ్మకమైంది ఇదే. మొదటి జత అట్ట మీద చిటికెన వేలు సగం బయటే ఉంది. చిన్నప్పుడంతా చెప్పుల్లో తిరిగిన పాదమాయె, వేళ్లు విచ్చుకునే ఉంటాయి. "వెడల్పుది ఉందా?" అంటే కుర్రాడు స్టోర్‌రూమ్‌లోకి మాయమై మరో డబ్బాతో వస్తాడు. ఈసారి అంచుల లోపలే ఉన్నారు. పొడవైన వేలు ముందు ఇంకా చేతి బొటనవేలంత జాగా మిగిలింది. కొందరికి రెండో వేలే పొడవు, కొలత దానికే తీసుకోవాలి.

"సెల్లార్‌లో ఓ రౌండు పరుగెత్తి వస్తా."

"ఉరకండి సార్, బండ్లు జర చూసుకోండి."

ముందు సున్నా జత. సిమెంటు నేల మీద రెండో అడుగుకే మడమ ఠక్కుమంటుంది. మూడో అడుగుకల్లా ఎవరూ చెప్పకుండానే అంగ కురచబడుతుంది, పాదం మోకాలి కిందికి వచ్చి దిగుతుంది, చప్పుడు తగ్గుతుంది. అలవాటుగా చెప్పుల్లేకుండా పరుగెత్తేవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీద దిగుతారని హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో రాసింది ఇందుకే. హాయిగానే ఉంది. కానీ మూడో రౌండుకు పిక్కలో సన్నటి లాగుడు మొదలైంది. 4 మిల్లీమీటర్ల జత వేసుకుని తిరిగితే గులకరాయి తెలుస్తూనే ఉంది, లాగుడు మాత్రం రాలేదు.

పైకి రాగానే కుర్రాడు ఉత్సాహంగా, "ఒకాయన షూ లేకుండనే ఒలింపిక్స్ గెలిచిండంట కదా సార్?" అంటాడు.

గెలిచాడు. అబెబె బికిలా, 1960 రోమ్ మారథాన్, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. నాలుగేళ్లకు టోక్యోలో షూ వేసుకుని ఇంకో మూడు నిమిషాలు ముందే వచ్చాడు. ఆ రెండో సంగతి పోస్టర్లకు ఎక్కదు.

4 మిల్లీమీటర్ల జతకే బిల్లు కొట్టమన్నారు. "పాతవి పడేద్దామా సార్?"

"అయ్యో, వద్దు. రేపు పొద్దున వేసుకునేది అవే. కొత్తవి రెండు రోజులాగి, అదీ ఆఖరి కిలోమీటరుకే."

కుర్రాడికి మీ లెక్క అర్థం కాలేదు. తొందరపడి మారితే ఏమవుతుందో మీకు తెలుసు. ఒక్కో కాలివేలికీ విడిగా అర ఉండే పల్చటి షూలకు మారిన వాళ్లను పది వారాలు గమనించిన ఒక అమెరికన్ అధ్యయనం 2013లో వచ్చింది. వాళ్లలో చాలామందికి పాదం ఎముకల్లో వాపు ఎమ్మారైలో బయటపడింది. మామూలు పిక్క నొప్పి కొద్ది రోజుల్లో పోతుంది. పాదం పైభాగంలో ఒకేచోట వేలుపెట్టి చూపించగలిగే నొప్పి వస్తే మాత్రం పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇదంతా కౌంటరు దగ్గర చెప్పడానికి వీల్లేదు, వెనక క్యూ ఉంది. సోలుకు మట్టి అంటకపోతే వారంలో మార్చి ఇస్తామని అతనే చెబుతున్నాడు. రసీదు జాగ్రత్తగా పర్సులో పెట్టుకోండి, ముందు రెండు రోజులు ఇంట్లో గచ్చు మీదే తిరగండి.